ప్లాన్ 9 లాంటి చిన్న ఓఎస్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఎలా బూట్ అవుతుంది? యూఈఎఫ్ఐ లోడర్ స్టెప్ బై స్టెప్

కొత్త ఫోన్ రివ్యూ రాసేటప్పుడు ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ గురించి పేజీలకు పేజీలు రాస్తాం. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి లోగో కనపడేదాకా ఉండే ఆ కొన్ని సెకన్ల గురించి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నిజానికి ఆ డివైస్ మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడవాలి, ఏది నడవకూడదు అనేది తేలిపోయేది అక్కడే.

విండోస్‌కీ, లినక్స్‌కీ ఈ విషయంలో బెంగ లేదు. ల్యాప్‌టాప్ కంపెనీలే వాటిని దృష్టిలో పెట్టుకుని ఫర్మ్‌వేర్ తయారు చేస్తాయి. మరి వెనకాల పెద్ద కంపెనీ ఏదీ లేని, కొద్దిమంది వాలంటీర్లు మాత్రమే నడిపే ఓఎస్ సంగతేంటి? ఫర్మ్‌వేర్ మారినప్పుడల్లా దానికి కొత్తగా బూట్ అవడం నేర్పాలి. నేర్పకపోతే ఎంత మంచి ఓఎస్ అయినా పాత మెషీన్లతో పాటే అటకెక్కుతుంది. 2017లో ఇంటెల్ ఒక మాట చెప్పింది. 2020 నాటికి తన ప్లాట్‌ఫామ్స్‌లో పాత బయోస్ సపోర్ట్ తీసేస్తామని. చిన్న ఓఎస్‌లకి అది డెడ్‌లైన్ లాంటిదే.

ఈ ఆర్టికల్‌లో ప్లాన్ 9 అనే ఓఎస్‌ని ఉదాహరణగా తీసుకుని, బూట్ ఫర్మ్‌వేర్ సపోర్ట్ ఎలా కడతారో ఒక్కో స్టెప్ చూద్దాం. ప్రోగ్రామింగ్ కొంచెం తెలిస్తే చాలు. తెలియకపోయినా మీ ఫోన్ ఎలా ఆన్ అవుతుందో చివరికి మీకు బాగానే అర్థమవుతుంది.

ప్లాన్ 9 అంటే ఏంటి?

యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే, 1980ల చివర్లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్, డేవ్ ప్రెసొట్టో, ఫిల్ వింటర్‌బాటమ్ వగైరాలు మొదలుపెట్టిన ఓఎస్ ఇది. 1992లో యూనివర్సిటీలకు ఇచ్చారు. 2000లో ఓపెన్ సోర్స్ అయింది. 2021లో నోకియా దీని హక్కుల్ని ప్లాన్ 9 ఫౌండేషన్‌కి అప్పగించింది. ఇప్పుడు ఎమ్‌ఐటీ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చు. 2011లో దీని నుంచి విడిపోయిన 9ఫ్రంట్ అనే వెర్షన్ మీద ఇప్పటికీ పని నడుస్తోంది. నేను ఇక్కడ చెప్పే లోడర్ కూడా దానిదే.

పేరు వినలేదే అనుకుంటున్నారా? దీని ఐడియాలు మీరు రోజూ వాడుతున్నారు. ఈ అక్షరాలు మీ స్క్రీన్ మీదకి వచ్చింది యూటీఎఫ్-8 అనే పద్ధతిలో. దాన్ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ప్లాన్ 9 కోసమే తయారు చేశారు. మన తెలుగు 'అ' అందులో మూడు బైట్లు. అలాగే విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ వాడుతూ లినక్స్ ఫైల్స్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే, మధ్యలో పని చేసేది ప్లాన్ 9 వాళ్ల 9పీ ప్రొటోకాలే.

ఇది డిస్ట్రిబ్యూటెడ్ ఓఎస్. అంటే ఒకే సిస్టమ్‌ని నాలుగు రకాల మెషీన్లు పంచుకుంటాయి. మీ ముందుండే స్క్రీన్, కీబోర్డ్, మౌస్ ఉన్నది టెర్మినల్. బరువు పనులు చేసేది సీపీయూ సర్వర్. ఫైల్స్ అన్నీ దాచేది ఫైల్ సర్వర్. మీరు ఎవరో చూసి లోపలికి పంపేది ఆథ్ సర్వర్. కావాలంటే నాలుగూ ఒకే మెషీన్‌లో పెట్టుకోవచ్చు, విడదీసి నాలుగు చోట్లా పెట్టుకోవచ్చు.

ఇందులో టెర్మినల్‌కి హార్డ్ డిస్క్ ఉండాల్సిన పని లేదు. ఆన్ చేయగానే నెట్‌వర్క్ నుంచి కెర్నల్ తెచ్చుకుని, ఫైల్ సర్వర్‌ని 9పీ ద్వారా తగిలించుకుని పని మొదలుపెడుతుంది. చూశారా, ఇలాంటి ఓఎస్‌కి బూట్ అనేది ఒకసారి ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయే వ్యవహారం కాదు. డిస్క్, సీడీ, నెట్‌వర్క్ ఇలా ఏ దారిలో అయినా కెర్నల్ అందాలి. ఆ దారి వేసేది లోడర్.

పాత పద్ధతి: బయోస్ రోజుల్లో

బయోస్ చేసే పని చాలా తక్కువ. డిస్క్‌లో మొదటి 512 బైట్లు చదివి మెమరీలో ఒక నిర్ణీత చోట పెట్టి, అక్కడికి దూకుతుంది. అంతే. ఆ తర్వాత అంతా మన బాధ్యతే. అప్పుడు ప్రాసెసర్ ఇంకా 16 బిట్ మోడ్‌లోనే ఉంటుంది. ఆ 512 బైట్ల కోడ్ ఇంకాస్త పెద్ద లోడర్‌ని వెతికి తేవాలి, అది కెర్నల్‌ని తేవాలి.

కష్టమే, కానీ ఒక సుఖం ఉంది. రూల్స్ తక్కువ. మెమరీ ఎంతుందో తెలియాలంటే ఒక బయోస్ ఇంటరప్ట్. స్క్రీన్ మోడ్ మార్చాలంటే ఇంకో ఇంటరప్ట్. పవర్, ఇంటరప్ట్ వివరాలుండే ఏసీపీఐ టేబుల్ కావాలంటే మెమరీలో ఫలానా రేంజ్‌లో వెతికితే దొరుకుతుంది. ప్లాన్ 9 కెర్నల్ ఏళ్ల తరబడి ఈ అలవాట్ల మీదే నడిచింది.

యూఈఎఫ్ఐ వచ్చాక ఇవన్నీ పోయాయి. ఇంటరప్ట్‌లు లేవు. 16 బిట్ మోడ్ లేదు. ఏసీపీఐ టేబుల్ పాత చోట ఉంటుందన్న గ్యారంటీ లేదు. బదులుగా ఫర్మ్‌వేరే ఒక చిన్న ఓఎస్ లాగా ఉంటుంది. ఫైల్స్ చదువుతుంది, నెట్‌వర్క్‌తో మాట్లాడుతుంది, స్క్రీన్ మీద ప్రింట్ చేస్తుంది. మనం దాని భాషలో అడగాలి, అంతే తేడా. ఇక ఆ భాష ఎలా నేర్పుతారో చూద్దాం.

స్టెప్ 1: విండోస్ ప్రోగ్రామ్ వేషం వేయాలి

యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ బూట్ చేసే ఫైల్ పీఈ ఫార్మాట్‌లో ఉండాలి. అంటే విండోస్ ఈఎక్స్ఈ ఫైల్ ఏ ఫార్మాట్‌లో ఉంటుందో అదే. పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్ పార్టిషన్ మీద ఈఎఫ్ఐ ఫోల్డర్, దానిలో బూట్ ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐ అనే ఫైల్. 64 బిట్ పీసీలో ఫర్మ్‌వేర్ ముందుగా వెతికేది దీన్నే. ఆర్మ్ 64 బిట్ మెషీన్ అయితే పేరు బూట్ఏఏ64 అవుతుంది.

సమస్య ఏంటంటే, ప్లాన్ 9 కంపైలర్, లింకర్ పూర్తిగా సొంతవి. వాటికి పీఈ అంటే ఏంటో తెలియదు. ఇందుకోసం లింకర్ మొత్తాన్ని మార్చనక్కర్లేదు. పీఈ హెడర్‌లో ఉండాల్సిన బైట్లని అసెంబ్లీ ఫైల్‌లో వరసగా చేత్తో రాసి, ఫైల్ మొదట్లో అతికిస్తే సరిపోతుంది. మొదటి రెండు బైట్లు 'ఎంజెడ్'. అదీ డాస్ కాలం నుంచి వస్తున్న గుర్తు. ఫర్మ్‌వేర్ హెడర్ చూసి ఓకే అనుకుంటుంది, లోపల ఉన్నది మాత్రం ప్లాన్ 9 కోడ్.

స్టెప్ 2: ఫంక్షన్‌ని పిలిచే తీరు వేరు

లోడర్ మొదలవగానే ఫర్మ్‌వేర్ దానికి రెండు విషయాలు ఇస్తుంది. ఒకటి 'నువ్వు ఎవరు' అని చెప్పే హ్యాండిల్. రెండోది సిస్టమ్ టేబుల్. ఈ టేబుల్‌లోనే ఫర్మ్‌వేర్ చేసే పనులన్నిటి అడ్రస్‌లు ఉంటాయి. ఏది కావాలంటే దాన్ని పిలుచుకోవడమే.

కానీ పిలిచే పద్ధతి మైక్రోసాఫ్ట్‌ది. మొదటి నాలుగు విలువలూ నాలుగు నిర్ణీత రిజిస్టర్లలో పెట్టాలి, స్టాక్ మీద 32 బైట్ల ఖాళీ వదలాలి. ప్లాన్ 9 కంపైలర్ అలా చేయదు. మొదటి విలువని తనకి నచ్చిన రిజిస్టర్‌లో, మిగతావి స్టాక్ మీద పెడుతుంది. నేరుగా పిలిస్తే ఫర్మ్‌వేర్ చెత్త విలువలు చదువుకుని హ్యాంగ్ అవుతుంది.

అందుకే మధ్యలో ఒక దుబాసీ కావాలి. అసెంబ్లీలో పాతిక ముప్పై లైన్ల చిన్న ఫంక్షన్. ప్లాన్ 9 ఇచ్చిన విలువల్ని తీసుకుని, మైక్రోసాఫ్ట్ పద్ధతిలో సర్ది, ఫర్మ్‌వేర్‌ని పిలిచి, జవాబు తిరిగి ఇస్తుంది. లోడర్‌లో ఫర్మ్‌వేర్‌తో జరిగే ప్రతి మాటా దీని గుండానే వెళ్తుంది. కాబట్టి ముందు ఇది రాసి, స్క్రీన్ మీద ఒక్క అక్షరం ప్రింట్ చేయించి చూడాలి. ఆ ఒక్క అక్షరం కనపడితే సగం గెలిచినట్టే.

స్టెప్ 3: ఫైల్స్ వెతకడం

కెర్నల్ ఎక్కడుందో మూడు చోట్ల వెతకాలి. డిస్క్ మీద ఫ్యాట్ పార్టిషన్ అయితే ఫర్మ్‌వేర్‌లోని ఫైల్ సిస్టమ్ సర్వీస్ చదివిపెడుతుంది. సీడీ లేదా ఐఎస్ఓ అయితే ఆ ఫార్మాట్ ఫర్మ్‌వేర్‌కి పట్టకపోవచ్చు, అందుకే సెక్టార్లు చదివించుకుని ఫోల్డర్లని లోడరే అర్థం చేసుకుంటుంది. నెట్‌వర్క్ అయితే పీఎక్స్ఈ సర్వీస్. డీహెచ్‌సీపీతో అడ్రస్ తీసుకుని, టీఎఫ్‌టీపీతో ఫైల్ దించుకోవచ్చు. డిస్క్ లేని టెర్మినల్‌కి దిక్కు ఇదే.

ఇక్కడో తమాషా ఉంది. యూఈఎఫ్ఐకి ఫైల్ పేరు ఇచ్చేటప్పుడు ప్రతి అక్షరానికీ రెండు బైట్లు ఉండాలి. ప్లాన్ 9లో అన్నీ యూటీఎఫ్-8. ఆ పద్ధతికి పుట్టిల్లు అయిన ఓఎస్ కూడా బూట్ అవ్వాలంటే, ముందు తన ఫైల్ పేర్లని రెండు బైట్ల అక్షరాలుగా మార్చి ఇవ్వాలి! ఫోల్డర్ల మధ్య గీత కూడా విండోస్ లాగా వెనక్కి వాలాలి. చిన్న లూప్‌తో అయిపోయే పనే, కానీ మర్చిపోతే 'ఫైల్ లేదు' అనే జవాబు తప్ప ఇంకేం రాదు.

స్టెప్ 4: సెట్టింగ్స్ చదవడం

ప్లాన్ 9కి బూట్ సెట్టింగ్స్ అన్నీ ప్లాన్9 డాట్ ఐఎన్ఐ అనే టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి. ఒక్కో లైన్‌లో ఒక పేరు, ఈక్వల్ గుర్తు, ఒక విలువ. ఏ కెర్నల్ లోడ్ చేయాలి, రూట్ ఫైల్ సిస్టమ్ లోకల్ డిస్క్‌లో ఉందా నెట్‌వర్క్‌లో ఉందా, మానిటర్ సైజ్ ఎంత, ఇలాంటివన్నమాట. నెట్‌వర్క్ బూట్‌లో అయితే ఒక్కో మెషీన్‌కి దాని ఈథర్‌నెట్ అడ్రస్ పేరుతో విడివిడి ఫైల్ పెట్టుకోవచ్చు. ఒకే సర్వర్ నుంచి పది టెర్మినల్స్ పది రకాలుగా బూట్ చేయించవచ్చు.

ఫైల్ దొరక్కపోయినా, మధ్యలో ఏదైనా కీ నొక్కినా లోడర్ ఒక ప్రాంప్ట్ చూపిస్తుంది. అక్కడే సెట్టింగ్ టైప్ చేసి బూట్ చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక టిప్. యూఈఎఫ్ఐ రూల్ ప్రకారం ఫర్మ్‌వేర్ ఏ బూట్ ప్రోగ్రామ్‌నైనా మొదలుపెట్టేటప్పుడు 5 నిమిషాల వాచ్‌డాగ్ టైమర్ పెడుతుంది. ఆలోగా పని కాకపోతే మెషీన్ హ్యాంగ్ అయిందనుకుని రీస్టార్ట్ చేస్తుంది. మీరు ప్రాంప్ట్ దగ్గర ఆలోచిస్తూ కూర్చుంటే మెషీన్ దానంతటదే ఆగి మొదలవుతుంది. కాబట్టి లోడర్ మొదట్లోనే ఆ టైమర్‌ని ఆఫ్ చేయాలి.

స్టెప్ 5: కెర్నల్‌ని మెమరీలో పెట్టడం

ప్లాన్ 9 ప్రోగ్రామ్ ఫైళ్లకి 32 బైట్ల చిన్న హెడర్ ఉంటుంది. నాలుగేసి బైట్ల అంకెలు ఎనిమిది. మ్యాజిక్ నంబర్, కోడ్ సైజ్, డేటా సైజ్, ఖాళీ డేటా సైజ్, సింబల్స్ సైజ్, మొదలుపెట్టాల్సిన అడ్రస్, ఇంకో రెండు. లినక్స్ వాడే ఈఎల్ఎఫ్‌తో పోలిస్తే ఎంతో సింపుల్.

మ్యాజిక్ నంబర్‌కి కూడా ఒక సూత్రం ఉంది. ప్రతి ప్రాసెసర్‌కీ ఒక అంకె ఇచ్చారు. దాన్ని 4తో గుణించి, మళ్లీ అదే అంకెతో గుణించి, 7 కలపాలి. 32 బిట్ ఇంటెల్ అంకె 11. 44 ఇంటూ 11 అంటే 484, దానికి 7 కలిపితే 491. 64 బిట్ పీసీ అంకె 26. లెక్క వేస్తే 2711. దీనికి 32768 కలిపితే 35479. ఆ 32768 ఎందుకంటే, 'హెడర్ వెనకాల ఇంకో 8 బైట్లు ఉన్నాయి, 64 బిట్ అడ్రస్ అక్కడ ఉంది' అని చెప్పడానికి. లోడర్ ఈ రెండు నంబర్లలో ఏదో ఒకటి కనపడితేనే ముందుకెళ్లాలి.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, హెడర్‌లోని అంకెలన్నీ పెద్ద బైట్ ముందు వచ్చే వరసలో ఉంటాయి. పీసీ ప్రాసెసర్ చదివేది చిన్న బైట్ ముందు వచ్చే వరస. కాబట్టి తిప్పి చదవాలి. రెండు, హెడర్‌లో ఉన్నది కెర్నల్ నడిచేటప్పటి వర్చువల్ అడ్రస్. ఇప్పుడింకా ఆ అడ్రస్ మెమరీలో ఎక్కడా లేదు. పై బిట్లు కొట్టేస్తే అసలు ఫిజికల్ అడ్రస్ వస్తుంది, అది మొదటి 1 ఎంబీ దాటాక కొంచెం పైన ఉంటుంది. కోడ్ అక్కడ పెట్టి, తర్వాతి పేజీ సరిహద్దు నుంచి డేటా పెట్టాలి.

స్టెప్ 6: కెర్నల్‌కి మూడు చీటీలు రాసివ్వాలి

లోడర్ పని అయిపోయాక కెర్నల్ ఇక ఫర్మ్‌వేర్‌ని ఏదీ అడగలేదు. కాబట్టి దానికి కావాల్సిన మూడు సంగతులు ముందే రాసివ్వాలి.

మొదటిది మెమరీ మ్యాప్. ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా వాడుకోవచ్చు, ఎక్కడ ముట్టుకోకూడదు. యూఈఎఫ్ఐలో మెమరీ రకాలు చాలా ఉంటాయి. వాటిని పాత బయోస్ లెక్కలోకి మార్చి రాస్తారు.

రెండోది ఏసీపీఐ టేబుల్ అడ్రస్. ఎన్ని కోర్లు ఉన్నాయి, ఇంటరప్ట్‌లు ఎటు వెళ్లాలి అనేది ఇందులోనే ఉంటుంది. సిస్టమ్ టేబుల్ చివర్లో ఉండే లిస్ట్‌లో వెతికితే దొరుకుతుంది.

మూడోది స్క్రీన్. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఒక్కో పిక్సెల్‌లో రంగుల వరస ఏది, ఫ్రేమ్‌బఫర్ మెమరీలో ఎక్కడుంది. గ్రాఫిక్స్ కార్డ్‌కి డ్రైవర్ లేకపోయినా ఈ ఒక్క అడ్రస్ తెలిస్తే కెర్నల్ బొమ్మ గీయగలదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ప్లాన్ 9 డెస్క్‌టాప్ కనపడటానికి చాలాసార్లు కారణం ఇదే.

9ఫ్రంట్ వాళ్లు దీనికోసం కొత్త ఫార్మాట్ ఏదీ కనిపెట్టలేదు. ఈ మూడింటినీ ప్లాన్9 డాట్ ఐఎన్ఐలోని లైన్ల లాగే మామూలు టెక్స్ట్‌గా రాసి, ఆ సెట్టింగ్స్ కిందే చేరుస్తారు. ఈ డిజైన్ నాకు బాగా నచ్చింది. ఎందుకంటే బయోస్ లోడర్ అయినా, యూఈఎఫ్ఐ లోడర్ అయినా కెర్నల్‌కి తేడా తెలియనక్కర్లేదు. దానికి కనపడేది కొన్ని టెక్స్ట్ లైన్లే. ఏదైనా తేడా కొడితే మనిషి కూడా చదివి అర్థం చేసుకోవచ్చు.

స్టెప్ 7: ఇల్లు అప్పగించడం

ఇప్పటిదాకా మెషీన్ యజమాని ఫర్మ్‌వేర్. ఇక 'నువ్వు తప్పుకో, నేను చూసుకుంటా' అని చెప్పాలి. యూఈఎఫ్ఐలో దీన్ని ఎగ్జిట్ బూట్ సర్వీసెస్ అంటారు. కొత్తగా లోడర్ రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అద్దె ఇల్లు మారేటప్పుడు ఓనర్ సామాన్ల లిస్ట్ రాసుకుని సంతకం పెట్టించుకుంటాడు కదా, అలాంటిదే. ముందు మెమరీ మ్యాప్ అడగాలి. దానితో పాటు ఫర్మ్‌వేర్ ఒక కీ నంబర్ ఇస్తుంది. తప్పుకోమని చెప్పేటప్పుడు అదే నంబర్ చూపించాలి. ఈ రెండింటి మధ్యలో మెమరీలో ఏ చిన్న మార్పు జరిగినా లిస్ట్ పాతబడిపోతుంది, నంబర్ చెల్లదు, ఫర్మ్‌వేర్ ఒప్పుకోదు. 'బూట్ అవుతోంది' అని స్క్రీన్ మీద ఒక లైన్ ప్రింట్ చేసినా మార్పు జరగొచ్చు. కాబట్టి మ్యాప్ తీసుకున్న వెంటనే, మధ్యలో ఇంకేం చేయకుండా అడగాలి. కాదంటే మళ్లీ మ్యాప్ తీసుకుని మళ్లీ అడగాలి.

ఇంకో గుంట. మ్యాప్‌లో ఒక్కో ఎంట్రీ లెక్క ప్రకారం 40 బైట్లు. కానీ చాలా ఫర్మ్‌వేర్లకి ఆధారమైన ఈడీకే2 కోడ్ ఒక్కో ఎంట్రీకి 48 బైట్లు ఇస్తుంది. ఎంట్రీ సైజ్ ఎంతో ఫర్మ్‌వేరే చెబుతుంది. ఆ అంకె వాడకుండా 40 చొప్పున లెక్కపెడితే మొదటి ఎంట్రీ కరెక్ట్‌గా వస్తుంది, రెండోదాని నుంచి అంతా గందరగోళం.

స్టెప్ 8: వెనక్కి నడిచి, ముందుకు దూకడం

64 బిట్ యూఈఎఫ్ఐలో ప్రాసెసర్ అప్పటికే 64 బిట్ మోడ్‌లో ఉంటుంది. 9ఫ్రంట్ పీసీ కెర్నల్ మాత్రం తనని 32 బిట్ మోడ్‌లో మొదలుపెడతారని అనుకుంటుంది. బయోస్ లోడర్ అలాగే ఇచ్చేది మరి. అందుకే యూఈఎఫ్ఐ లోడర్ చివర్లో పేజింగ్ ఆపి, 64 బిట్ నుంచి 32కి దిగి, అప్పుడు కెర్నల్‌లోకి దూకుతుంది. కెర్నల్ మళ్లీ తనంతట తాను 64కి ఎక్కుతుంది. చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది కానీ, దీనివల్ల కెర్నల్‌కి ఒకే గుమ్మం ఉంటుంది. చిన్న టీమ్‌కి రెండు గుమ్మాలు కాపలా కాయడం కంటే ఇదే నయం.

ఎక్కడ ఆగిందో చూసి జబ్బు చెప్పొచ్చు

బూట్ సమస్యల్లో ఎర్రర్ మెసేజ్‌లు తక్కువ. ఎక్కడ ఆగిందన్నదే క్లూ. నేను ఈ వరసలో చూస్తాను.

ఫర్మ్‌వేర్ మెనూలో పెన్‌డ్రైవ్ అసలు కనపడకపోతే ఫైల్ పేరు, ఫోల్డర్ లేదా పీఈ హెడర్ తేడా.

సెక్యూరిటీ మెసేజ్ వస్తే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. మన లోడర్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం లేదు కాబట్టి ఫర్మ్‌వేర్ రానివ్వదు. సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయాలి.

లోడర్ ప్రాంప్ట్ వచ్చి, కెర్నల్ దొరకలేదంటే ఫైల్ పేరు మార్పిడి లేదా సెట్టింగ్స్ ఫైల్ చూడాలి.

కెర్నల్ లోడ్ అయినట్టు చెప్పి స్క్రీన్ అలాగే ఉండిపోతే స్టెప్ 7, లేదంటే ఫ్రేమ్‌బఫర్ అడ్రస్. సీరియల్ పోర్ట్ మీద మెసేజ్‌లు వస్తుంటే కెర్నల్ బతికే ఉంది, స్క్రీనే లేదు. ప్లాన్9 డాట్ ఐఎన్ఐలో కన్సోల్ ఈక్వల్ 0 అని పెడితే మెసేజ్‌లు మొదటి సీరియల్ పోర్ట్‌కి కూడా వెళ్తాయి.

కెర్నల్ మొదలై కాసేపటికి వింతగా క్రాష్ అయితే మెమరీ మ్యాప్ మీద అనుమానపడాలి. ఫర్మ్‌వేర్ ఉంచుకున్న మెమరీని కెర్నల్ తనదనుకుని తొక్కేసి ఉంటుంది.

రాస్ప్‌బెర్రీ పైలో కథ వేరు

పై బోర్డులో ముందు లేచేది మెయిన్ ప్రాసెసర్ కాదు, వీడియోకోర్ గ్రాఫిక్స్ ప్రాసెసర్. అదే తన ఫర్మ్‌వేర్‌ని తెచ్చుకుంటుంది. పాత మోడల్స్‌లో ఎస్‌డీ కార్డ్ నుంచి, పై 4లో బోర్డు మీదున్న చిప్ నుంచి మొదలవుతుంది. తర్వాత కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ చదివి, అందులో చెప్పిన కెర్నల్ ఫైల్‌ని మెమరీలో పెట్టి, ఆర్మ్ కోర్లని లేపుతుంది. అంటే లోడర్ రాసే పని మనకి లేదు. కాన్ఫిగ్‌లో కెర్నల్ పేరు ప్లాన్ 9 ఫైల్‌ది ఇస్తే చాలు. స్క్రీన్ కావాలన్నా, మెమరీ ఎంతో తెలియాలన్నా కెర్నలే తర్వాత 'మెయిల్‌బాక్స్' అనే దారిలో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ని అడుగుతుంది.

పైకి ప్లాన్ 9 తెచ్చింది రిచర్డ్ మిల్లర్. 1977లో ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ యూనివర్సిటీలో యూనిక్స్‌ని ఇంటర్‌డేటా కంప్యూటర్ మీదకి తెచ్చింది కూడా ఈయనే. పీడీపీ కంప్యూటర్లు కాకుండా వేరే మెషీన్ మీద యూనిక్స్ నడిచిన తొలి సందర్భాల్లో అదొకటి.

మరి మన ఫోన్లలో?

స్నాప్‌డ్రాగన్ ఫోన్ వాడుతున్నారా? అయితే మీ జేబులోనూ యూఈఎఫ్ఐ ఉంది. క్వాల్‌కామ్ కొత్త చిప్‌లలో ఆండ్రాయిడ్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్ ఈడీకే2 మీద కట్టిన ఒక యూఈఎఫ్ఐ ప్రోగ్రామే. ఫాస్ట్‌బూట్ స్క్రీన్ చూపించేది కూడా అదే. పైన చెప్పిన స్టెప్పుల్లో చాలావరకు, కెర్నల్ లోడ్ చేయడం, మెమరీ వివరాలు ఇవ్వడం, ఫర్మ్‌వేర్ తప్పుకోవడం, మీరు ఫోన్ ఆన్ చేసిన ప్రతిసారీ జరుగుతున్నాయి.

తేడా ఒక్కటే, తాళం. ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసే వీలు సాధారణంగా ఉంటుంది. ఫోన్‌లో బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలా వద్దా అనేది కంపెనీ ఇష్టం. తాళానికి అర్థం ఉంది. ఫోన్ పోతే మన బ్యాంక్ యాప్‌లు, ఫోటోలు దొంగ చేతికి చిక్కకుండా అది కాపాడుతుంది. కానీ అప్‌డేట్స్ ఆగిపోయిన ఫోన్‌కీ అదే తాళం ఉంటే, హార్డ్‌వేర్ భేషుగ్గా ఉన్నా ఇంకే ఓఎస్ వేసుకోలేం. అందుకే ఫోన్ కొనేటప్పుడు ఎన్నేళ్ల అప్‌డేట్స్ అని అడిగినట్టే, బూట్‌లోడర్ అధికారికంగా అన్‌లాక్ చేయనిస్తారా అని కూడా అడగమని నా సలహా. చాలామందికి ఆ అవసరం రాకపోవచ్చు. వచ్చిన రోజున మాత్రం వేరే దారి ఉండదు.

మీరూ ట్రై చేయాలంటే

ఉన్న ల్యాప్‌టాప్‌ని పాడుచేసుకోనక్కర్లేదు. క్యూఎము అనే ఉచిత వర్చువల్ మెషీన్, ఓవీఎమ్ఎఫ్ అనే ఓపెన్ సోర్స్ యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, 9ఫ్రంట్ ఐఎస్ఓ ఉంటే చాలు.

ముందు ఓవీఎమ్ఎఫ్ లేకుండా మామూలుగా బూట్ చేయండి. అది బయోస్ దారి. తర్వాత అదే ఐఎస్ఓని ఓవీఎమ్ఎఫ్‌తో బూట్ చేయండి. అది యూఈఎఫ్ఐ దారి. రెండింటిలోనూ చివరికి ఒకే డెస్క్‌టాప్ వస్తుంది. మధ్యలో దారులు ఎంత వేరో ఇప్పుడు మీకు తెలుసు. సీరియల్ అవుట్‌పుట్‌ని టెర్మినల్‌కి మళ్లించుకుంటే కెర్నల్ మెసేజ్‌లు కాపీ చేసుకుని తీరిగ్గా చదువుకోవచ్చు.

ఆ తర్వాత లోడర్ సోర్స్ కోడ్ తెరవండి. సిస్టమ్‌లోనే బూట్ సోర్స్ ఫోల్డర్ కింద, ఈఎఫ్ఐ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఫైల్స్ కొన్నే, అవీ చిన్నవే. హెడర్‌కి ఒకటి, అసెంబ్లీ దుబాసీకి ఒకటి, డిస్క్‌కి, ఐఎస్ఓకి, నెట్‌వర్క్‌కి ఒక్కోటి. వారం రోజులు సాయంత్రాలు కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు. ఇంజినీరింగ్ చదువుతూ ఓఎస్ సబ్జెక్ట్‌లో బూట్ ప్రాసెస్ అనగానే ఐదు మార్కుల బొమ్మ గీసి వదిలేసేవాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్పేది ఇదే. లినక్స్ బూట్ కోడ్‌తో మొదలుపెడితే తల తిరుగుతుంది. ఇది మాత్రం మొదటి బైట్ నుంచి డెస్క్‌టాప్ దాకా ఒక మనిషి బుర్రలో పట్టే సైజ్.

చదివాక ఒక చిన్న పని చేసి చూడండి. లోడర్ మొదట్లో మీ పేరు ప్రింట్ చేసేలా ఒక లైన్ చేర్చి, మళ్లీ కంపైల్ చేసి, ఓవీఎమ్ఎఫ్‌లో బూట్ చేయండి. ఇంగ్లీష్ అక్షరాల్లోనే రాయండి, ఫర్మ్‌వేర్ ఫాంట్‌లో తెలుగు ఉండదు. అది బాగా వచ్చాక అదే పెన్‌డ్రైవ్‌ని మూలన పడున్న ఏదైనా పాత యూఈఎఫ్ఐ ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి. ఏ స్టెప్‌లో ఆగిందో రాసుకోండి. అక్కడి నుంచి పైన ఇచ్చిన వరస చూసుకుంటూ వెళ్లడమే.